బంతికి కుట్టు కూలి

బెంగళూరు

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

కోలార్ బంగారు గనుల్లో మీ తాతగారు ఆడిన ఫుట్‌బాల్ జట్టు మీద నువ్వు రాసిన చరిత్ర చదివాను. మొదటి నాలుగు పేజీలూ తీసెయ్. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అన్నీ నిజమే. బంతి మాత్రం ఐదో పేజీకి గానీ రాలేదు. అంతవరకు మైదానం గట్టున కూర్చుని ఆవలిస్తూనే ఉన్నాను.

నువ్వు ఫొటోలు పంపిన ఆ జమాఖర్చుల పుస్తకం ఉందే, కథంతా అందులోనే ఉంది. "బంతికి కుట్టు కూలి", కింద "బ్లాడరు ఒకటి", దాని కింద "లేసు". తోలుబంతి లోపల బ్లాడరు అనే గాలితిత్తి పెట్టి, నోటిని లేసుతో బిగించి కట్టిన రోజులవి. తలతో కొడితే ఆ ముడి నుదుటి మీద అచ్చు పడేది. బూట్ల పద్దు చాలా పేజీల వరకు లేనే లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన మన జట్టులోనే చాలామందివి వట్టికాళ్లు, ఇక గని కూలీల సంగతి చెప్పాలా! ఈ ఒక్క పేజీ మీద పది రోజులు కూర్చో.

జట్టును కెప్టెన్ ఎంచాడని రాశావు. నేను నమ్మను. షిఫ్టు ఎంచి ఉంటుంది. గోల్‌కీపరుకు డ్యూటీ పడిన రోజున అతని చోట ఎవరు నిలబడ్డారు? షిఫ్టు మార్చుకున్నవాడికి ఏమి ముట్టింది? ముసలివాళ్లను గోల్స్ గురించి అడగకు, అన్నీ తామే కొట్టామంటారు. ఇవి అడుగు. తమిళం, తెలుగు, కన్నడం కలిపి చెబుతారు. ఆ మాటలకు ఇస్త్రీ చేయకు.

ముగింపు మాత్రం మింగుడుపడలేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది, దానితో జట్టూ పోయింది అని తేల్చేశావు. పుస్తకంలో చివరి పద్దు అంతకు ఎన్నో ఏళ్ల ముందుది కదా? గని నడుస్తుండగానే ఆట ఎందుకు ఆగింది? పనిలోకి కుర్రాళ్లను తీసుకోవడం మానేశారా, ఉన్న పదకొండు మందికీ మోకాళ్లు అరిగాయా? తవ్వాల్సింది అక్కడ.

గనుల దగ్గరి మారికుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పనికి వచ్చేవాళ్లలో ఆ ఆటగాళ్ల కొడుకులు, మనవలు ఉంటారు. ఓ వారం వాళ్లతో ప్రయాణం చెయ్యి. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు అసలు పుస్తకమే పట్టుకురా. ఆ కుట్టు కూలి అణాల్లో ఉందో నయాపైసల్లో ఉందో ఫొటోలో ఆనడం లేదు. అణాలైతే ఆ పేజీ నయాపైసలు వచ్చిన 1957కు ముందుదై ఉండొచ్చు.

ఇట్లు,
మీ మాష్టారు