మధ్యాహ్నం పూట మేడెక్కొద్దు అల్లుడూ

ఒరే అల్లుడూ,

నువ్వు ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి సర్ఫు నీళ్ల బకెట్టూ గిన్నెలు తోమే పీచూ పట్టుకుని మేడెక్కి సోలార్ ప్యానెళ్లు తోముతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్న దగ్గర్నుంచీ టెన్షన్‌గానే ఉంది నాకు. ఫోన్లో చెబితే మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. ఇక్కడ సింగరాయకొండలో మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించిన మొదటి వేసవిలో బోరు నీళ్లు పైపుతో కొట్టి అలాగే ఆరనిచ్చేవాణ్ణి. మా బోరువి చవ్వ నీళ్లు, వాటితో పప్పు కూడా సరిగ్గా ఉడకదు. రెండు నెలలు తిరిగేసరికి అద్దాల మీద తెల్లగా సుద్ద పొర కట్టింది, మంచి ఎండ రోజున 12 యూనిట్లు రావాల్సింది 10 కూడా దాటలేదు, దుమ్మైతే కడిగితే పోయేది కానీ ఇది ఎంత కడిగినా వదల్లేదు. కడగకపోవడం కన్నా చెడ్డ నీళ్లతో కడగడమే ఎక్కువ నష్టం అని నాకు అప్పుడు తెలిసింది. కాబట్టి కొళాయి నీళ్లు వాడు, లేదంటే వాన నీళ్లు పట్టి పెట్టుకో. ఏసీ పైపు నుంచి కారే నీళ్లయితే ఇంకా మంచిది, వాటిలో ఉప్పు ఉండదు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, లోపలికి వెళ్లిన నీళ్లలోని ఉప్పంతా వాటిలోనే చేరుతుంది. బోరు నీళ్లు తప్ప గతి లేని రోజున, ఒక్క చుక్క కూడా ఆరకముందే రబ్బరు వైపర్‌తో కిందికి లాగెయ్.

మీ చీమకుర్తి దుమ్ము మామూలు మట్టి కాదు, గ్రానైట్ పొడి. పొడిగుడ్డతో తుడిచావంటే గరుకు కాగితంతో రుద్దినట్టే, అద్దం మీద వెలుతురు లోపలికి లాగే పల్చటి పూత ఉంటుంది, అది గీతలు పడిపోతుంది, మళ్లీ రాదు. ముందు నీళ్లు చల్లు, ఐదు నిమిషాలు నాననివ్వు, ఇంకోసారి నీళ్లు పోసి దుమ్మంతా జారిపోయాక మెత్తటి స్పాంజి మాపుతో పైనుంచి కిందికి తుడువు. పీచు వద్దు, సర్ఫు వద్దు, యాసిడ్ జోలికి అసలు వెళ్లకు. కింది అంచు దగ్గర ఫ్రేముకి ఆనుకుని బురద గీతలా నిలబడిపోతుంది, అందరూ వదిలేసేది అక్కడే.

పావురాల రెట్ట చూస్తే చిన్న మచ్చే కదా అనిపిస్తుంది. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే చిన్న చిన్న పలకలు, అంటే సెల్స్, అన్నీ గొలుసులా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి, ఒక్క సెల్‌ని రెట్ట కప్పేస్తే అది కరెంటు పుట్టించడం మానేసి మిగతావాటి కరెంటుకి అడ్డం పడి తనే కాలడం మొదలుపెడుతుంది. ఆ పరిస్థితి నుంచి కాపాడటానికి లోపల కరెంటుని పక్కదారి పట్టించే డయోడ్లు ఉంటాయి, అవి పని చేసినా ఆ ప్యానెల్ ఇచ్చే కరెంటులో మూడో వంతు దాకా పోతుంది. అందుకని రెట్ట కనబడితే వారం ఆగకు, తడిగుడ్డ దాని మీద వేసి నానబెట్టి తీసెయ్.

పొద్దున ఆరింటికల్లా పని మొదలుపెట్టు. మే నెల మధ్యాహ్నం ఆ అద్దం 60 డిగ్రీలు దాటి ఉంటుంది, చన్నీళ్లు పడితే పగలొచ్చు. కానీ నా భయం అద్దం గురించి కాదు, నీ గురించి. మీ ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టులు నాయనా, ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో కరెంటు ఉంటుంది, దాన్ని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆపినా ఉంటుంది. ముందు ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి వెళ్లే లైను స్విచ్ (ఏసీ అని ఉంటుంది) ఆపు, తర్వాత ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కి వచ్చే లైను స్విచ్ (డీసీ) ఆపు, అయినా ప్యానెళ్ల కింద వైర్లని కలిపే కనెక్టర్లని తడి చేత్తో ముట్టుకోకు, వాటి మీద నీళ్లు కొట్టకు. ప్యానెల్ మీద కాలు పెట్టకు, పైకి ఏమీ కనబడకపోయినా లోపల సెల్స్ చిట్లుతాయి. పిట్టగోడ ఎక్కి అందుకునే ప్రయత్నం కూడా వద్దు, పొడవాటి కర్రకి మాపు కట్టుకుని నేల మీద నిలబడే చెయ్.

మీ ఊళ్లో పది రోజులకోసారి కడగాలి, మాకు ఇరవై రోజులైనా పరవాలేదు. నాలుగు చినుకులు పడితే శుభ్రమైపోయిందనుకోకు, దుమ్ము బురదై ఇంకా గట్టిగా పడుతుంది, గట్టి వాన పడితేనే లెక్క. రోజూ సాయంత్రం యూనిట్లు ఒక పుస్తకంలో రాయి. కడిగిన మర్నాడు, అంతే ఎండ ఉన్నప్పుడు, అంకె పెరగకపోతే తప్పు దుమ్ములో లేదు, పక్కింటి వేపకొమ్మ నీడ పడుతోందేమో, ఏదైనా వైరు వదులైందేమో చూడాలి. లైన్‌లో కరెంటు పోయినప్పుడు మీదీ ఆగిపోతుంది, అది చెడిపోవడం కాదు, స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటు.

అక్టోబరులో తుఫాన్లు మొదలయ్యేలోపు స్టాండు బోల్టులన్నీ మెకానిక్‌తో బిగించు. మాకైతే ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి రెండు మార్చాల్సి వచ్చింది. వేసవిలో ఎర్తింగ్ గుంతలో వారానికి ఒక బిందె నీళ్లు పొయ్యి.

వచ్చే శనివారం సాయంత్రానికి నేనే వస్తున్నా, కర్రా వైపరూ తెస్తాను, ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి కడుగుదాం. అప్పటిదాకా నువ్వు మేడెక్కకు, ఆ పీచు మీ అమ్మకి ఇచ్చెయ్.

మీ మావయ్య