ఇంజిన్ విప్పించే ముందు ఒక టెస్ట్ చేయించండి

మీ పాత పెట్రోల్ కారు ఆయిల్ తాగుతోంది, నీలం పొగ వస్తోంది, మెకానిక్ ఇంజిన్ మొత్తం విప్పాలంటున్నాడు, బాగు చేయించాలా ఇంకోటి కొనాలా అని అడిగారు. అప్పుడే టెన్షన్ పడకండి. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి, అంటే ఒక్కో సిలిండర్‌లో ప్రెషర్ ఎంత వస్తోందో కొలవడం. ప్రెషర్ తక్కువున్న సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. ప్రెషర్ బాగా పెరిగితే పిస్టన్ రింగులో, సిలిండరో అరిగినట్టు. అది పెద్ద పనే. అన్నిట్లో ప్రెషర్ సరిగా ఉండి, రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపే పొగ వస్తే మాత్రం వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్క నుంచి ఆయిల్ లోపలికి కారకుండా ఆపేవి) మీద అనుమానం. చాలా ఇంజిన్లలో హెడ్ (ఇంజిన్ పై భాగం) దించకుండానే వాటిని మార్చొచ్చు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే వాయువులను మళ్లీ మండడానికి పంపే చిన్న వాల్వ్) మూసుకుపోయినా ఆయిల్ తగ్గుతుంది, అది చిన్న ఖర్చు.

ఇంకో మాట. బండిని లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్ చూడండి. అక్కడ తుప్పు లోతుగా తినేసి ఉంటే ఇంజిన్ మీద డబ్బు పెట్టొద్దు, వేరే బండి చూసుకోండి. ఛాసిస్ గట్టిగా ఉంటే నేనైతే బాగు చేయిస్తాను. రిపేరు ఖర్చును మీ బండి అమ్మకం ధరతో పోల్చకండి, అదే డబ్బుకు వచ్చే సెకండ్ హ్యాండ్ బండి ఎలా ఉంటుందో చూడండి. దాని చరిత్ర మీకు తెలియదు కదండీ.