మొక్కల్లో ఒక జన్యువు ఏ పని చేస్తుందో కంప్యూటర్ ఎలా చెబుతుంది?

ముందు చూసేది పోలిక. కొత్త జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను బ్లాస్ట్ లాంటి ప్రోగ్రామ్‌తో, పని తెలిసిన ప్రొటీన్ల పక్కన పెట్టి చూస్తారు. 2000లో జన్యుక్రమం బయటికొచ్చిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కే ఇందుకు పెద్ద ఆధారం. చిక్కేమిటంటే, మొక్కల్లో జన్యువులకు నకళ్లు ఎక్కువ. అన్నదమ్ముల పోలికలున్నా ఎవరి పని వారిదే. అందుకని ఎండ, ఉప్పు, ముంపు వంటి పరిస్థితుల్లో ఏ జన్యువులు కలిసి చురుగ్గా మారుతున్నాయో కూడా లెక్కగట్టి, తెలిసినవాటిని బట్టి తెలియనివాటి పని ఊహిస్తారు.

వరిలో ముంపును తట్టుకునేలా చేసే సబ్1ఎ అనే జన్యువు సంగతి చూడండి. వరుసను బట్టి అది ఇథిలీన్ అనే మొక్కల హార్మోన్‌కు స్పందించే కుటుంబంలోని నియంత్రక జన్యువని తెలుస్తుంది, అంతే. ముంపులో ఎదుగుదల ఆపి శక్తిని పొదుపు చేయిస్తుందని వరుస చెప్పదు. పైగా వరి జన్యుక్రమానికి ప్రామాణికంగా (రిఫరెన్స్‌గా) వాడే నిప్పన్‌బరే అనే వరి రకంలో ఆ జన్యువే లేదు! ఒడిశా రకం ఎఫ్ఆర్13ఎ నుంచి సంకరాల ద్వారా వెతికి, 2006లో దాన్ని గుర్తించారు. దాన్ని మన మార్టేరు వరి రకం స్వర్ణలోకి ఎక్కిస్తే వచ్చిందే స్వర్ణ సబ్1.

డేటాబేస్‌లో జన్యువు పని రాసి ఉంటే పక్కనున్న ఆధారం కోడ్ కూడా చూడండి. ఐఈఏ అని ఉంటే అది ఎవరూ విడిగా సరిచూడని కంప్యూటర్ అంచనా.