పాడవుతున్న ల్యాప్‌టాప్ డిస్కు బదులు ఏది కొనాలి: నా అనుభవం

మీ ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లోని 500 జీబీ హార్డ్ డిస్కు అప్పుడప్పుడు టిక్ టిక్ మని చప్పుడు చేస్తోందని, ఫైళ్లు తెరవబోతే కాసేపు అంతా బిగుసుకుపోతోందని రాశారు. దాని స్థానంలో 5400 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) డిస్కు మంచిదా, 7200 ఆర్‌పీఎం డిస్కు మంచిదా, పాత డిస్కు ఏ కంపెనీదో కొత్తదీ ఆ కంపెనీదే కావాలా అని అడిగారు. కంపెనీ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: అక్కర్లేదు. సాటా అనేది డిస్కును ల్యాప్‌టాప్‌కు కలపడానికి తయారీదారులందరూ పాటించే ప్రమాణం కనుక, కొలత సరిపోతే ఎవరి డిస్కయినా పనిచేస్తుంది. మిగిలిన ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాస్తాను, ఎందుకంటే ఇదే పరిస్థితిలో నేను రెండుసార్లు పొరపాటు డిస్కు కొని, మూడోసారి గాని సరైనది పెట్టుకోలేకపోయాను.

అన్నిటికంటే ముందు, కొత్త డిస్కు ఎంచుకునే పని పక్కన పెట్టి, పాత డిస్కులో మీకు అవసరమైన ఫైళ్లను ఈ రోజే వేరే చోటికి కాపీ చేసుకోండి. నా డిస్కు ఇలాగే మొరాయించినప్పుడు, బాగుచేద్దామన్న ఆత్రంతో విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను చెడిపోయిన సెక్టార్లను (సమాచారం రాసే చిన్న గడులను) కూడా వెతికే పద్ధతిలో నడిపి రాత్రంతా వదిలేశాను. తెల్లవారి చూస్తే ల్యాప్‌టాప్ ఆ డిస్కును అసలు గుర్తించడమే మానేసింది, దానిలోని రెండేళ్ల కుటుంబ ఫొటోలు ఇక నాకు దక్కలేదు. బలహీనపడిన డిస్కు మీద ఆ పరీక్ష మొదటి అంచు నుంచి చివరి అంచు వరకూ ప్రతి సెక్టారునూ చదివిస్తుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నింపజేస్తుంది. అంటే డిస్కుకు మిగిలి ఉన్న కొద్దిపాటి ఆయుష్షును మన ఫైళ్లను బయటికి తీయడానికి కాక, లోపాలు లెక్కపెట్టడానికి ఖర్చు చేసినట్లవుతుంది. మామూలుగా కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతున్నట్లయితే, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము వాడవచ్చు. అది ముందు సులభంగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన చోట్లను దాటవేసి చివరలో మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎక్కడి వరకు వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా చేసిన పని వృథా కాదు.

ఫైళ్లు భద్రమయ్యాక, తప్పు నిజంగా డిస్కుదేనా అన్నది నిర్ధారించుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాముతో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తెరిచి, పొడవాటి ఆ పట్టికలో నాలుగు వరుసలు చూస్తే చాలు. 05 అన్నది చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క, సీ5 అన్నది చదవడం కష్టమై నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాటి లెక్క, సీ6 అన్నది సరిచేయలేమని తేలినవాటి లెక్క. ఈ మూడింటిలో ఏదైనా సున్నా కాకుండా ఉండి, రెండు మూడు రోజుల తేడాతో చూసినప్పుడు పెరుగుతూ ఉంటే ఆ డిస్కు మీద ఆశ వదులుకోవాలి. ఆ మూడూ సున్నాలుగానే ఉండి సీ7 వరుసలోని అంకె (సమాచారం డిస్కుకూ బోర్డుకూ మధ్య చేరడంలో వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతోందంటే మాత్రం డిస్కుకూ బోర్డుకూ మధ్య ఉన్న కేబుల్‌ను అనుమానించాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది కాగితమంత పలుచని పట్టీలా ఉండి, మడత దగ్గర నలిగిపోతుంది. డిస్కు మంచిదే అయినా కేబుల్ పాడై కొత్త డిస్కు కొన్నవాళ్లను నేను చూశాను. మీరు చెప్పిన టిక్ టిక్ చప్పుడును బట్టి మీది కేబుల్ సమస్య కాకపోవచ్చు, కానీ చూసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే.

ఇప్పుడు కొలత. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులను 2.5 అంగుళాల డిస్కులు అంటారు, కానీ ఆ ఒక్క అంకె చాలదు, మందం కూడా చూడాలి. పాత యంత్రాలలో 9.5 మిల్లీమీటర్ల డిస్కులు ఉండేవి, తర్వాత పలుచని ల్యాప్‌టాప్‌ల కోసం 7 మిల్లీమీటర్లవి వచ్చాయి, ఎక్కువ నిల్వ ఉన్న కొన్ని 12.5 లేక 15 మిల్లీమీటర్లు కూడా ఉంటాయి. నేను మొదటిసారి చేసిన పొరపాటు ఇక్కడే. నా ల్యాప్‌టాప్‌లోని గది 7 మిల్లీమీటర్లదని విప్పి చూసుకోకుండా 9.5 మిల్లీమీటర్ల 1 టీబీ డిస్కు తెప్పించాను. కనెక్టర్‌లో హాయిగా కూర్చుంది, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే బయోస్‌లో పేరు కూడా కనిపించింది, ఇక అడుగు మూత బిగిద్దామంటే ఒక మూల పైకి లేచి ఉంది. స్క్రూలు సగం దిగి ఆగిపోయాయి, గట్టిగా తిప్పితే దిగుతాయేమోనని చూస్తే పైవైపు టచ్‌ప్యాడ్ ఎడమ మూల నొక్కుడు పడడం మానేసింది, ఎందుకంటే డిస్కు కింది నుంచి దాన్ని నెట్టుతోంది. తేడా రెండున్నర మిల్లీమీటర్లే, అయినా ఆ డిస్కును తిరిగి పంపవలసి వచ్చింది. 9.5 మిల్లీమీటర్ల గదిలో 7 మిల్లీమీటర్ల డిస్కు పెట్టుకోవచ్చు, కదలకుండా కింద ఒక ప్లాస్టిక్ చట్రం వేస్తే సరిపోతుంది. 7 మిల్లీమీటర్ల గదిలో 9.5 మిల్లీమీటర్ల డిస్కు మాత్రం పట్టదు. కాబట్టి మీ యంత్రం విప్పి, పాత డిస్కు బయటికి తీసి, స్కేలు ఆనించి మందం చూడకుండా ఏదీ కొనవద్దు.

ఇక మీరు అడిగిన 5400, 7200 విషయం. నిమిషానికి 5400 చుట్లంటే సెకనుకు 90 చుట్లు, ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టారు చదివే తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే సుమారు 5.6 మిల్లీసెకన్లు ఆగాలి. 7200 డిస్కులో ఆ నిరీక్షణ సుమారు 4.2 మిల్లీసెకన్లు. రెండింటిలోనూ తల ఒక ట్రాకు (సమాచారం రాసే వలయం) నుంచి ఇంకో ట్రాకుకు జరగడానికి సగటున ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఎక్కడెక్కడో చెదిరి ఉన్న వేల చిన్న చిన్న ముక్కలు చదవవలసి ఉంటుంది కనుక, ఒక్కొక్క ముక్కకు ఇంత ఆలస్యం చేరి చేరి నిమిషాలవుతుంది. తిరిగే పళ్లేలకు బదులు చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, ఏ ముక్కయినా మిల్లీసెకనులో చిన్న వంతులో దొరుకుతుంది. అందుచేత 5400కూ 7200కూ మధ్య ఉన్న తేడా, ఆ రెండింటికీ ఎస్‌ఎస్‌డీకీ మధ్య ఉన్న తేడా ముందు లెక్కలోకి రాదు. విండోస్ ఉండే డిస్కుగా ఇప్పుడు హార్డ్ డిస్కు కొనడం అనవసరమని నా నిశ్చితమైన అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి నేను వెంటనే రాలేదు. రెండోసారి మందం చూసుకుని 7 మిల్లీమీటర్ల 1 టీబీ, 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్కే కొన్నాను. పెట్టె మీద రాయని ఒక సంగతి దానిలో ఉందని నాకు తర్వాత తెలిసింది. ఈ రకం పలుచని డిస్కులలో చాలా వాటిలో ట్రాకులను పెంకుటింటి పైకప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా రాస్తారు. దీన్ని ఎస్‌ఎంఆర్ పద్ధతి అంటారు. తక్కువ చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది, చదవడంలో ఇబ్బంది లేదు, కానీ మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే దాని అంచు మీద ఎక్కిన పక్క ట్రాకులను కూడా తీసి మళ్లీ రాయాలి. డిస్కు ఈ శ్రమను దాచడానికి కొత్తగా వచ్చిన సమాచారాన్ని ముందు ఒక తాత్కాలిక భాగంలో పోగుచేసి, ఖాళీ సమయంలో సర్దుకుంటుంది. నా బ్యాకప్‌ను దానిలోకి కాపీ చేస్తుంటే మొదటి కొన్ని నిమిషాలు సెకనుకు సుమారు 100 ఎంబీ వేగం చూపించింది, తాత్కాలిక భాగం నిండగానే 10 ఎంబీకి పడిపోయి, గంటల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ చాలాసేపు పలికేది కాదు. ఏ కారణం చేతనైనా మీరు హార్డ్ డిస్కే తీసుకోవలసి వస్తే, తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ నంబరు వెతికి, అది ఎస్‌ఎంఆర్ రకమా, ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ రకమా అన్నది చూసి, సీఎంఆర్ దొరికితే దాన్నే తీసుకోండి.

ఏడాది తర్వాత అదే యంత్రంలో సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాను. బూట్ కావడానికి రెండు నిమిషాలు దాటే ల్యాప్‌టాప్ ఇరవై సెకన్లలోపు సిద్ధమైంది. మీ యంత్రంలోనిది పాత రకం సాటా 2 అయినా వెనకాడనవసరం లేదు. ఎస్‌ఎస్‌డీ తన పూర్తి వేగమైన సెకనుకు 550 ఎంబీ బదులు అందులో సగమే చూపిస్తుంది, కానీ రోజువారీ పనిలో మనకు తెలిసే చురుకుదనం చిన్న ముక్కలు వెంటనే దొరకడం వల్ల వచ్చేది, అది తగ్గదు.

సాటా ఎస్‌ఎస్‌డీలలో మూడు విషయాలు చూడండి. మొదటిది మెమరీ రకం: ఒక్కో గడిలో మూడు బిట్లు ఉంచే టీఎల్‌సీ ఉన్నది తీసుకోండి. క్యూఎల్‌సీలో ఒక్కో గడిలో నాలుగు బిట్లు కుక్కుతారు కనుక పెద్ద ఫైళ్లు రాస్తున్నప్పుడు కాసేపటికి వేగం హార్డ్ డిస్కు స్థాయికి దిగిపోవచ్చు. రెండవది డీర్యామ్: ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టికను ఉంచుకోవడానికి డిస్కు మీదనే ఉండే చిన్న చిప్పు ఇది. సాటా కంటే వేగమైన మరో పద్ధతిలో కలిసే ఎన్‌వీఎంఈ రకం డిస్కులు ఇది లేకపోయినా ల్యాప్‌టాప్ ర్యామ్‌లో కొంత అరువు తెచ్చుకోగలవు, సాటా డిస్కులకు ఆ వీలు లేదు, అందుచేత సాటాలో డీర్యామ్ ఉన్నదానికి విలువ ఎక్కువ. మూడవది వారంటీతో పాటు ఇచ్చే టీబీడబ్ల్యూ అంకె, అంటే ఎన్ని టెరాబైట్లు రాసే వరకు హామీ ఉంటుందన్నది. మామూలు వాడకంలో దాన్ని చేరుకోవడం అరుదు కనుక దీని గురించి మరీ ఆందోళన పడనక్కర్లేదు. పేరు ఎరుగని కంపెనీ, నమ్మశక్యం కాని పరిమాణం చెప్పి అమ్మేవాటికి మాత్రం దూరంగా ఉండండి. వాటిలో కొన్ని లోపల ఉన్నది కొంచెమే అయినా ఎక్కువ ఉన్నట్లు విండోస్‌ను నమ్మిస్తాయి, నిండాక రాసిన ఫైళ్లు కనిపించకుండా పోతాయి.

మీ యంత్రంలో ఎం.2 గాడి (సన్నని పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఖాళీగా ఉండే అవకాశం కూడా ఉంది. అక్కడ జాగ్రత్త: గాడి ఆకారం ఒకటే అయినా కొన్ని సాటాను మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే గుర్తిస్తాయి. కనుక సర్వీస్ మాన్యువల్‌లో రకం, దానితో పాటు 2242, 2280 వంటి కొలత చూడండి. మొదటి రెండంకెలు వెడల్పు, తర్వాతివి పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో.

పరిమాణం విషయంలో ఒక చిక్కు ముందే చెబుతాను. మీ 500 జీబీ డిస్కు విండోస్‌లో 465 జీబీగా కనిపిస్తూ ఉంటుంది, ఎందుకంటే తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కిస్తారు. 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొంటే అది 447 జీబీగా కనిపిస్తుంది, పాత డిస్కును ఉన్నదున్నట్లుగా క్లోన్ చేయడానికి చోటు చాలదు, ముందు పార్టిషన్‌ను, అంటే డిస్కులో కేటాయించిన భాగాన్ని, కుదించవలసి వస్తుంది. ఆరోగ్యంగా లేని డిస్కు మీద పార్టిషన్లు కదపడం ప్రమాదం కనుక, 500 జీబీకి తగ్గనిదే, వీలైతే 1 టీబీ తీసుకోండి. నిజానికి మీ డిస్కు చప్పుడు చేస్తోంది కాబట్టి, క్లోన్ చేయడం కంటే ఫైళ్లు విడిగా కాపీ చేసుకుని, కొత్త డిస్కులో విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ పెట్టుకుని ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి.

బిగించేటప్పుడు ముందుగా బ్యాటరీ తీయండి, లోపలి బ్యాటరీ అయితే దాని కనెక్టర్ విడదీయండి. పాత డిస్కుకు ఇరువైపులా ఉన్న లోహపు పట్టీనో, రబ్బరు పట్టాలనో కొత్తదానికి మార్చడం మరచిపోవద్దు, అవి లేకపోతే డిస్కు గదిలో కదిలి కనెక్టర్ వదులవుతుంది. పలుచని కేబుల్‌ను పట్టుకుని లాగకుండా, కనెక్టర్ రెండు అంచులనూ గోటితో కొద్దికొద్దిగా జరపండి.

ఎస్‌ఎస్‌డీకి ఒక లోపం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. హార్డ్ డిస్కు చాలాసార్లు మీది చప్పుడు చేసినట్లు ముందుగా హెచ్చరిస్తుంది, ఎస్‌ఎస్‌డీ పాడైతే చాలావరకు ఒక ఉదయం ఉన్నట్టుండి కనిపించకుండా పోతుంది, దానిలోంచి సమాచారం తిరిగి తీయడమూ కష్టం. అందుకే నా రెండో హార్డ్ డిస్కును పారేయకుండా యూఎస్‌బీ కేసులో పెట్టి, ప్రతి ఆదివారం దానిలోకి బ్యాకప్ తీస్తున్నాను. ఒక్కోసారి కొంచెమే రాసే ఆ పనికి ఎస్‌ఎంఆర్ అయినా ఇబ్బంది లేదు.

మీరు డిస్కు బయటికి తీశాక దాని లేబుల్ మీది మోడల్ నంబరు, స్కేలుతో చూసిన మందం, స్మార్ట్‌లోని ఆ నాలుగు అంకెలు ఇక్కడ రాయండి. సీరియల్ నంబరు మాత్రం రాయవద్దు. అవి చూస్తే మీ గదిలో ఏది పడుతుందో ఖచ్చితంగా చెప్పగలను.