కారు కీలో సెల్ మళ్లీ మళ్లీ ఎందుకు అయిపోతుంది: మేనకోడలికి ఒక లేఖ

తిరుపతి,
బైరాగిపట్టెడ.

చి.ల.సౌ. భార్గవికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉగాదికి ముందు ఒకసారి, ఆషాఢంలో మరొకసారి కారు కీలో సెల్ మార్పించినా, వినాయక చవితి వెళ్లీ వెళ్లకముందే మీటరు మీద ‘కీ బ్యాటరీ తక్కువగా ఉంది’ అన్న హెచ్చరిక మళ్లీ కనిపిస్తున్నదని రాశావు. సెల్ అమ్మినవాడు ఈ కాలపు సరుకు ఇంతేనని అన్నాడు, సర్వీసు సెంటరువారు ఏకంగా కొత్త కీ తీసుకోమన్నారు. ఆ రెండు మాటల్లో దేనినీ ఇప్పుడే నమ్మవద్దు. డిపోలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన మనిషిగా నేను చెప్పగలిగేది ఒక్కటే: సెల్ మార్చడం మరమ్మతు కాదు. కుళాయి కారుతున్న ఇంట్లో ట్యాంకు నింపుతూ పోవడం వంటిది అది.

నీవు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేదానివి కనుక ముందు లెక్క చూడు. మీ కీలో పడే సీఆర్2032 సెల్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, వోల్టేజి 3. దానిలో నిలవ ఉండేది సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే ఒక మిల్లీ ఆంపియర్ చొప్పున 220 గంటలు ఇవ్వగల కరెంటు. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఆ సెల్ ఒక ఏడాది నడవాలంటే కీ సగటున 25 మైక్రో ఆంపియర్లకు (మిల్లీ ఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రో ఆంపియర్) మించి తాగకూడదు. అదే సెల్ మూడు నెలల్లో ఖాళీ అయిందంటే సగటున 100 మైక్రో ఆంపియర్లు పోతున్నట్టు లెక్క. నాలుగింతల తేడా ఊరికే రాదు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. సెల్ నిజంగానే ఖాళీ అయిందా, లేక ఖాళీ అయినట్టు కారుకు కనిపించిందా అన్న సంగతి తేలకుండా ఈ లెక్క పనికిరాదు. ఆషాఢంలో తీసిన పాత సెల్ పారేసి ఉంటే ఇక చేసేదేమీ లేదు. ఈసారి తీసేదాన్ని మాత్రం తప్పకుండా దాచిపెట్టు.

దానికంటే ముందు, హెచ్చరిక ఏ కీ గురించో తెలుసుకో. మీ ఇంట్లో రెండు కీలు ఉన్నాయి, ఒకటి నీ దగ్గర, మరొకటి అల్లుడుగారి దగ్గర. మీరిద్దరూ కలిసి బయలుదేరినప్పుడు రెండూ కారులోనే ఉంటాయి. కారు తనకు జవాబిచ్చిన కీ తెలిపిన వోల్టేజిని బట్టి హెచ్చరిస్తుందే తప్ప, అది ఎవరి చేతిలోని కీయో సాధారణంగా తెర మీద చెప్పదు. నీ కీలో కొత్త సెల్ వేయించి, అల్లుడుగారి కీలో అరిగిన సెల్‌ను అలాగే ఉంచితే, హెచ్చరిక పోనే పోదు. అందువల్ల ఒక వారం పాటు ఒకే కీతో కారు నడిపి, రెండోదాన్ని కారుకు దూరంగా ఇంటి లోపలి గదిలో ఉంచండి. తరువాతి వారం కీలు మార్చుకోండి. ఈ పని చేయకుండా తక్కిన పరీక్షలు మొదలుపెడితే శ్రమ వృథా.

దోషం ఏ కీదో తేలాక దాన్ని తెరువు. పక్కనున్న చిన్న మీటను నొక్కి లోపలి ఇనుప తాళంచెవిని బయటికి లాగితే, అది ఉన్న చోట సన్నని సందు కనిపిస్తుంది. చిన్న స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి ఆ సందులో మెల్లగా తిప్పితే పై డొప్ప ఊడి వస్తుంది. సెల్ ఏ ముఖం పైకి ఉన్నదో తీసే ముందే ఫోనుతో ఒక ఫొటో తీసిపెట్టుకో. సెల్‌ను అంచులు పట్టుకునే తీయాలి, ఎందుకంటే వేలి జిడ్డు ఆ రెండు ముఖాల మీద పొరలా నిలిచి కరెంటుకు అడ్డుపడుతుంది. ఇప్పుడు లోపల చూడు. సెల్ అడుగున ఒకటి, పక్కగా ఒకటి రాగి మిశ్రమంతో చేసిన నాలుకల వంటి పలుచని రేకులు ఉంటాయి. అవి కొద్దిగా పైకి లేచి, వేలితో తాకితే స్ప్రింగులా తిరిగి లేవాలి. చదునుగా పడుకుండిపోయినా, వాటి కొసన మసక మచ్చో పచ్చని చిలుమో కనిపించినా, సగం జవాబు దొరికినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో రేకులను తుడిచి, ఆరనిచ్చి, చెక్క పుల్లతో వాటిని వెంట్రుకవాసి పైకి లేపు. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న పూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది కనుక దాని జోలికి వెళ్లవద్దు.

రేకులు వదులవడానికి మరో కారణం కూడా ఉంటుంది. దుకాణాలలో 2032 లేనప్పుడు, చూడటానికి అచ్చం అలాగే ఉండే 2025 సెల్ వేసి పంపేస్తారు. వ్యాసం ఒకటే, వోల్టేజి ఒకటే, మందం మాత్రం 2.5 మిల్లీమీటర్లు. ఆ 0.7 మిల్లీమీటరు తేడా వల్ల రేకు సెల్‌ను గట్టిగా నొక్కదు, గుంతల రోడ్డులో కీ అదిరినప్పుడల్లా కనెక్షన్ తెగి అతుక్కుంటుంది. నిలవ కూడా అందులో తక్కువే. మీ కీలో ఉన్న సెల్ మీది అంకెను నీ కళ్లతో చదువు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఉద్దేశం మంచిదే, కానీ ఆ పూత రేకు తాకే చోట పడితే కొన్ని పరికరాలలో కనెక్షన్ సరిగా అందదు.

ఇక తీసిన సెల్‌ను కొలవడం. మల్టీమీటరుతో ఊరికే కొలిస్తే అరిగిన సెల్ కూడా 2.9 చూపించి మోసం చేస్తుంది. లిథియం సెల్ వోల్టేజి దాని జీవితంలో ఎక్కువ భాగం దాదాపు మారకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. పైగా అరిగేకొద్దీ దాని అంతర్నిరోధం, అంటే కరెంటుకు సెల్ లోపలే ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది కనుక, పని చేయమన్నప్పుడు గానీ నీరసం బయటపడదు. అందుకని మీ ల్యాబులోంచి 1,000 ఓముల రెసిస్టరు ఒకటి తీసుకుని, దాన్ని సెల్‌కు అడ్డంగా పెట్టి ఐదారు సెకన్లు వోల్టేజి చూడు. సుమారు 3 మిల్లీ ఆంపియర్లు పోతాయి, సెల్‌కు హాని ఏమీ లేదు. కొత్త సెల్ 3 వోల్టులకు దగ్గరలోనే నిలబడుతుంది. చూస్తుండగానే 2.7 దాటి కిందికి జారిందంటే అది నిజంగానే అరిగిపోయింది. నిలబడితే మాత్రం సెల్ నిర్దోషి, తప్పు రేకులదో, రెండో కీదో. ఆ సంగతి తేలిన క్షణాన కొత్త సెల్ కొనే అవసరం తప్పుతుంది.

సెల్ అరిగిన మాట నిజమే అయితే, నా అనుమానం కీ తగిలించే చోటు మీద. మీ చిత్తూరు ఇల్లు నాకు తెలుసు. వీధి తలుపు పక్కన మేకుకు కీలు వేలాడతాయి, ఆ గోడకు అవతలే వసారాలో కారు నిలుస్తుంది. నడుమ ఉన్నది ఒక్క ఇటుక గోడ. జేబులో కీ ఉండగానే తలుపు తెరుచుకునే ఇటువంటి కార్లు 125 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో చిన్న సంకేతం పంపి, కీ దగ్గరలో ఉన్నదా అని వెతుకుతాయి. అది విన్న కీ మేలుకొని జవాబిస్తుంది, మన దేశంలోని చాలా కార్లలో ఆ జవాబు 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వినడానికి ఖర్చు మైక్రో ఆంపియర్లలోనే, జవాబుకు ఖర్చు మిల్లీ ఆంపియర్లలో. మనిషి దగ్గరికి రాగానే దీపాలు వెలిగించి స్వాగతం చెప్పే కార్లయితే, హ్యాండిల్ ముట్టుకోకపోయినా వెతుకుతూనే ఉంటాయి. ఇటుక గోడ ఆ తక్కువ పౌనఃపున్యపు సంకేతాన్ని ఆపదు. రాత్రంతా మీరు నిద్రపోతుంటే ఆ రెండూ మాట్లాడుకుంటూనే ఉంటాయి.

కనుక కీని వెనుక గదిలోకి మార్చు, కారు నుంచి నాలుగైదు మీటర్లు ఎడం ఉంటే చాలు. అయితే వెనుక గదిలో టీవీ పక్కన పెడితే ప్రయోజనం సగమే. టీవీ, ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్, ముఖ్యంగా తీగలేని ఛార్జింగ్ పలక, ఇవన్నీ చుట్టూ విద్యుదయస్కాంత రొద వెదజల్లుతాయి. ఆ రొదను కీ తనను ఎవరో పిలుస్తున్నట్టు పొరబడి మాటిమాటికీ మేలుకుంటుంది. వీటికి ఒక మీటరు దూరం పాటించమని కొన్ని కార్ల యజమాని పుస్తకాలలోనే రాసి ఉంటుంది. టొయోటా వంటి కొన్ని కార్ల కీలలో, లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్‌ను రెండుసార్లు నొక్కితే కీ నిద్రావస్థకు వెళ్లే సౌకర్యం ఉంది. మీ కారుకు అటువంటిది ఉన్నదేమో పుస్తకం తిరగేసి చూడు. ఉంటే, వాడని రెండో కీని అలా నిద్రపుచ్చి బీరువాలో పెట్టవచ్చు. రెండో కీని కారు డాష్‌బోర్డు అరలో పడేసే అలవాటు మీకు ఉంటే వెంటనే మానండి. లోపలే ఉన్న కీని కారు మాటిమాటికీ పలకరించడం ఒక నష్టం, మన ఎండాకాలంలో మూసిన కారు లోపలి వేడికి సెల్ తనంతట తానే అరగడం ఇంకొక నష్టం, దొంగకు పని సులువు కావడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

బటన్ సంగతి కూడా చూడాలి. నీ చేతిసంచిలో పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా మధ్య కీ నలుగుతుంది. రబ్బరు బటన్ లోపలికి అతుక్కుపోయి తిరిగి లేవకపోతే కీ సంకేతం పంపే ప్రయత్నం చేస్తూనే ఉంటుంది. ప్రతి బటన్‌నూ మెల్లగా నొక్కి చూడు, నొక్కినప్పుడు టిక్కుమని తగిలి, వదలగానే లేవాలి. కార్తీక మాసపు ముసురులో తడిసిన కీలలో, లోపలి సర్క్యూటు బోర్డు మీద తేమ ఎండి తెల్లని పొర కడుతుంది. దానిగుండా రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా కరెంటు జారిపోతుంది. డొప్ప తెరిచినప్పుడు అటువంటి పొర కనిపిస్తే సెల్ తీసేసి, మెత్తని బ్రష్షుతో ఆల్కహాల్ రాసి, ఒక రోజు నీడన ఆరబెట్టు.

సెల్ కొనేటప్పుడు సీసాలో విడిగా పోసి అమ్మేవి వద్దు. పానసోనిక్, మాక్సెల్, ఎనర్జైజర్ వంటివి ఒక్కొక్కటీ విడి అరలో మూసి, వెనుక తేదీ అచ్చువేసిన అట్ట మీద వస్తాయి. అలాంటివే తీసుకుని, ఇంటికి రాగానే రెసిస్టరుతో కొలిచి ఆ అంకెను తేదీతో సహా రాసిపెట్టు. ఛార్జింగ్ చేసుకునే ఎల్ఐఆర్2032 చూపిస్తే వద్దని చెప్పు. నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజి 4.2 వరకు వెళుతుంది, 3 వోల్టులకు తయారైన కీకి అది తగదు, పైగా నిలవ చాలా తక్కువ.

మీ బుజ్జిగాడు ఇప్పుడు పాకే వయసులో ఉన్నాడు కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. కొత్తదైనా, తీసేసినదైనా, సెల్ వాడికి అందే చోట ఉండకూడదు. బటన్ సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటలలోనే లోపలి కండను కాల్చేస్తుంది, కరెంటు అయిపోయిందనుకున్న సెల్ కూడా అంతే. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, తిననివ్వకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. తీసిన సెల్ రెండు ముఖాలకూ టేపు చుట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో వేసి పైన పెట్టు. పరీక్ష అయ్యాక మామూలు చెత్తలో కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చెయ్యి.

వచ్చే నెల తలనీలాలకు కొండకు వస్తామన్నారు. ఈలోగా సమస్య తేలకపోయినా ప్రయాణం ఆపుకోనక్కరలేదు. తిరుమలలో దర్శనం చేసుకుని వచ్చాక కీ మూగబోయిందనుకో, ఇనుప తాళంచెవితో డ్రైవరు తలుపు తెరువు. కొన్ని కార్లలో హ్యాండిల్ చివర చిన్న మూత కింద తాళం రంధ్రం దాగి ఉంటుంది. అలారం మోగితే కంగారుపడవద్దు, కారు స్టార్టవగానే ఆగుతుంది. బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి, ఎందుకంటే ఇది సొంత కీయేనని కారుకు తెలిపే ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్ అవసరం లేదు, దానికి కావలసిన కొద్దిపాటి శక్తి కారు నుంచే అందుతుంది. కొన్ని కార్లలో కీని కప్పు పెట్టే గూటిలోనో, ఆర్మ్‌రెస్ట్ కింది అరలోనో పెట్టాలి. మీ కారులో ఆ చోటు ఎక్కడో పుస్తకంలో చూసి, అలిపిరి దాటకముందే చిత్తూరులో మీ ఇంటి ముందు ఒకసారి సెల్ తీసేసి స్టార్ట్ చేసి చూసుకోండి. తాళంచెవి ఎప్పుడూ వాడకపోతే తాళం బిగిసిపోతుంది, దాన్ని కూడా తిప్పి చూడండి.

ఇన్ని చేశాక కూడా మంచి సెల్ మూడు నెలల్లో అయిపోతే తప్పు కీ లోపలి సర్క్యూటు బోర్డుదే. అప్పుడు సర్వీసు సెంటరుకు వెళ్లి, సెల్ వేసిన తేదీ, వేసిన నాటి వోల్టేజి, తీసిన నాటి వోల్టేజి రాసిన కాగితం వారి ముందు పెట్టు. కీ నిశ్చలంగా ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతున్నదో కొలిచి చెప్పమని అడుగు. వారంటీ మిగిలి ఉంటే కొత్త కీకి డబ్బు కట్టే ముందు ఆ సంగతి కూడా తేల్చుకో. అంతవరకు మేకు మీది కీలను లోపలికి మార్చి, ఇప్పుడున్న సెల్ రీడింగును నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య