అల్లుడూ, ఆ డప్పు కాసేపు ఆపు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ గేము కోసం నువ్వు కట్టి పంపిన ట్రాక్ నాలుగుసార్లు విన్నాను. రెండుసార్లు హెడ్‌ఫోన్స్‌లో, ఒకసారి కారులో, ఒకసారి వంటింట్లో మీ అత్తయ్య ఫోన్ మీద. "బాగుంది అని ఒక్క మాట అను చాలు మావయ్యా" అని రాశావు కదా, అంటున్నాను, బాగుంది. నాదస్వరం మీద ఆ ఎత్తుగడ నిజంగా కుదిరింది. అయితే అది పాటగా బాగుంది. గేములో పెడితే పది నిమిషాలకి ఆడేవాడు సౌండ్ ఆపేస్తాడు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న లెక్క చూడు. నీ ట్రాక్ 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు. నాలుగు బీట్లకో బారు చొప్పున పదహారు బార్ల లూప్, అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. అంటే 32 సెకన్లు. కోట లెవెల్ దాటడానికి మీ ఫ్రెండ్స్‌కే పది నిమిషాలు పడుతోందన్నావు. అంటే ఆ నాదస్వరం వరస దాదాపు పంతొమ్మిదిసార్లు వినాలి. సినిమాలో పాట వచ్చి వెళ్లిపోతుంది. గేములో ఆడేవాడు ఎక్కడ ఇరుక్కుంటే నీ పాట కూడా అక్కడే ఇరుక్కుంటుంది.

మెలోడీ బలమేమిటంటే చెవిలో ఉండిపోతుంది. లూప్‌లో దాని రోగమూ అదే. దరువు అలా కాదు. ఒకే నడక మీద గంటసేపు మోగినా ఫ్యాను చప్పుడులాగా మనకి అలవాటైపోతుంది, కానీ అది మారిన క్షణంలో మాత్రం టక్కున తెలుస్తుంది. అందుకే గేములో ఏదన్నా కబురు చెప్పాలంటే నేను ముందు దరువు వైపే చూస్తాను. మెలోడీని పండక్కి కట్టుకునే చీరలా దాచుకుంటాను.

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ విని చూడు. అందులో మెలోడీ అనదగ్గదేమీ లేదు. కిందికి దిగే నాలుగు మంద్ర స్వరాలు, గుండె కొట్టుకున్నట్టు, అంతే. శత్రువులు తగ్గి మిగిలినవాళ్లు వేగం పెంచేకొద్దీ ఆ నాలుగూ దగ్గరపడతాయి. ఆడేవాడికి చెమటలు పట్టించడానికి అది చాలింది.

మీ అమ్మా నేనూ చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేముల్లో మారియో ఒకటి. 1985 నాటి గేము, సంగీతం కోజి కొందోది. టైమ్ 100కి దిగగానే అదే పాట వేగంగా మొదలయ్యేది. వరస మారదు, వాయిద్యం మారదు, నడక ఒక్కటే మారుతుంది. మీ అమ్మ కంట్రోలర్ నా ఒళ్లో పడేసి బయటికి పరిగెత్తేది. (ఇది నేను రాశానని చెప్పకు.) తర్వాత 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో ఇంకో తెలివైన పని చేశారు. యోషీ అనే డైనోసార్ ఎక్కగానే నడుస్తున్న పాటకే బాంగోలు వచ్చి కలుస్తాయి. దిగితే ఆగిపోతాయి. నీ కోట లెవెల్‌కి కావలసింది సరిగ్గా ఇదే.

ఇది మనకి కొత్తేమీ కాదులే. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు డక్కీలు పట్టుకుని నిలబడతారు కదా. వీరుడు కత్తి దూశాడని కథకుడు చెప్పకముందే డక్కీ వేగం అందుకుంటుంది, చాపల మీద కూర్చున్న జనం ముందుకు జరుగుతారు.

ఇక నీ ఫైల్ సంగతి. దాన్ని ఒకే ముద్దగా ఇవ్వకు. నాలుగు స్టెమ్స్‌గా, అంటే ఒక్కో వాయిద్యం ఒక్కో ఫైల్‌గా విడగొట్టు: శ్రుతి, తేలికపాటి మృదంగం, డప్పులు, నాదస్వరం. నాలుగూ ఒకే క్షణంలో మొదలై కలిసే నడవాలి, గేము వాటి వాల్యూమ్ మాత్రమే పెంచి తగ్గించాలి. మీ గేములో పిల్ల దివిటీ పట్టుకుని కోటలో ఖాళీ గదుల్లో తిరుగుతున్నంతసేపూ శ్రుతి, మృదంగం చాలు. దయ్యం ఆమెని చూడగానే డప్పు రావాలి. నాదస్వరం తాళంచెవి దొరికినప్పుడు, పై అంతస్తు తలుపు తెరుచుకున్నప్పుడు, అంతే. అప్పుడు ఆ వరస లెవెల్‌లో రెండు మూడుసార్లే వినపడుతుంది, ఆడి పడుకున్నాక కూడా కూనిరాగం తీస్తారు.

డప్పు ఎప్పుడు రావాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తారు. 120 బీపీఎంలో బీటు అర సెకను, బారు రెండు సెకన్లు. కొత్త బారు మొదలయ్యేదాకా డప్పుని ఆపితే దయ్యం మీద పడ్డాక రెండు సెకన్లు పట్టొచ్చు. ఈలోపు ఆడేవాడు చచ్చి కూర్చుంటాడు. కాబట్టి డప్పుని వచ్చే బీటు మీదే దింపు. మెలోడీ మాత్రం బారు దాకా ఆగాలి, మధ్యలో దూరితే ఎబ్బెట్టుగా ఉంటుంది. వెళ్లేటప్పుడు దీనికి ఉల్టా. దయ్యం దూరం కాగానే డప్పుని కోసేయకు, రెండు బార్ల మీద మెల్లగా దింపు. లేకపోతే గడప మీద అటూ ఇటూ ఊగే ఆటగాడి దగ్గర డప్పు స్విచ్ వేసి తీసినట్టు వచ్చి పోతుంటుంది.

ఇప్పుడు నా పరువు తీసే ముచ్చట ఒకటి చెప్తాను. పదిహేనేళ్ల కిందట ఒక కంపెనీకి ఫోన్ గేమ్ చేశాను, పరిగెత్తుతూ నాణేలు ఏరుకునేది. నేను ఉత్సాహంగా భజన తాళాలు పెట్టాను, నాలుగు బార్లకోసారి టింగుమని. టెస్టింగ్‌లో ఒక కుర్రాడు ఉన్నట్టుండి ఖాళీ దారి వైపు తిప్పుతున్నాడు. ఎందుకని అడిగితే "నాణెం సౌండ్ వచ్చింది కదన్నా" అన్నాడు. నాణెం టింగు, నా తాళం టింగు ఒకటే! వారం రోజులు మురిసిపోయిన తాళాలు ఆ సాయంత్రమే తీసేశాను. ఆ రోజు నుంచి గేమ్ శబ్దాలన్నీ చేతికొచ్చాకే దరువు కట్టడం మొదలుపెట్టాను. అడుగుల చప్పుడు, కత్తి, తలుపు, ఇవన్నీ వాయిద్యాలే, వాయించేవాడు ఆటగాడు. అతనికి చోటు వదలాలి. నీ ట్రాక్‌లో దివిటీ చిటపట వచ్చే చోటే గజ్జెలు పెట్టావు. చూసుకో.

డప్పు రికార్డింగ్ నువ్వే చేయించావన్నావు, మెచ్చుకోవాలి. కానీ వినగానే పట్టేశాను, మొదటి టేకులు ఖంగుమంటున్నాయి, చివరివి మొద్దుగా ఉన్నాయి. కాచిన డప్పు చల్లారేకొద్దీ చర్మం వదులై మోత దిగిపోతుంది. ఈసారి ఒక్కసారి కాచిన వేడిలోనే ఒక రకం దెబ్బలన్నీ తీసేయండి. సిర్ర (లావు పుల్ల) దెబ్బ వేరుగా, చిటికెన పుల్ల (సన్నది) దెబ్బ వేరుగా, ఒక్కోటి గట్టిగా, మెత్తగా, ప్రతిదీ ఐదారుసార్లు. రికార్డు చేసిన ఒకే దెబ్బని, ఒకే శాంపిల్‌ని, తిప్పి తిప్పి వాడితే కుట్టు మిషన్ లాగా వినపడుతుంది. వాయించే పెద్దాయనకి మధ్యలో టీ ఇప్పించు, డబ్బులు అదే రోజు చేతిలో పెట్టు.

మీ అత్తయ్య ఫోన్లో అయితే నీ పెద్ద డప్పు మోత అసలు లేనే లేదు. ఆ చిన్న స్పీకర్లు అంత కింది శబ్దాన్ని పలికించలేవు. పుల్ల తగిలే ఆ "టక్" ఉంటుంది చూడు, దాన్ని కొంచెం పెంచితే మోత లేకపోయినా దెబ్బ వినపడుతుంది. మీ గేమ్ ఆడేవాళ్లలో ఎక్కువమంది హెడ్‌ఫోన్స్ పెట్టుకోరు, బస్సులో ఆడతారు.

ఇంకొకటి. లూప్‌ని ఎంపీత్రీలో పంపావు. అది మొదట్లో, చివర్లో చిటికెడు నిశ్శబ్దం కలుపుతుంది, అందుకే అతుకు దగ్గర తడబడుతోంది. వేవ్ లేదా ఓజీజీలో ఇవ్వు. చివరి నాదస్వరం గమకం గాల్లో సాగుతుండగానే లూప్ తెగిపోతోంది కూడా. ఆ తోకని కోసి పారేయకు, లూప్ మొదట్లో కలిపెయ్యి.

స్టెమ్స్ ఆదివారం లోపు పంపు. దసరాకి వచ్చేటప్పుడు హార్డ్ డిస్క్, నీ చార్జర్ రెండూ తెచ్చుకో, పోయినసారి నాది పట్టుకుపోయావు.

మీ మావయ్య