మెలోడీఫెస్టివాలెన్‌కు పాట పంపే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

యూరోవిజన్‌కు స్వీడన్ తరఫున వెళ్లే పాటను ఎంచే మెలోడీఫెస్టివాలెన్ పోటీకి నువ్వు పంపబోయే పాట విన్నాను. బాగుంది. నా భయమల్లా అదే.

యూరోవిజన్ అంటే దేశానికో పాటతో ఐరోపాలో జరిగే పోటీ కదా, దాని లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడు. ఫైనల్లో ప్రతి దేశం నుంచీ జ్యూరీ ఒక వరుస ఇస్తుంది, ప్రేక్షకులు ఇంకో వరుస ఇస్తారు. మొదటి పాటకు 12, రెండోదానికి 10, ఆపైన 8 నుంచి 1 దాకా. పదకొండో పాటకు సున్నా. అంటే, ఐరోపా అంతా తల ఊపి ‘పరవాలేదు’ అన్న పాట ఖాళీ చేతులతో ఇంటికి రావచ్చు. 2021లో రోటర్‌డామ్‌లో బ్రిటన్ పాటకు అటు జ్యూరీలూ ఇటు ప్రేక్షకులూ ఒక్క పాయింటూ ఇవ్వలేదు. నచ్చనివాళ్లు ఎందరున్నా నీకు నష్టం లేదు, ఇక్కడ మైనస్ మార్కులు లేవు. కొందరికి మాత్రం పిచ్చిగా నచ్చాలి.

నువ్వు ఉన్న దేశంలోనే చూడు. 2025లో కాయ్ అనే ముగ్గురు, ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే ఊరివాళ్లు, తమ యాసలోనే ఆవిరి స్నానం మీద పాట కట్టి, 2015 యూరోవిజన్ విజేత మోన్స్ సెల్మెర్‌లోవ్‌ను మెలోడీఫెస్టివాలెన్‌లో వెనక్కి నెట్టారు. ఆ ఏడాది బాసెల్‌లో జరిగిన యూరోవిజన్‌లో స్వీడన్‌కు నాలుగో స్థానం తెచ్చారు. స్వీడన్ తన సొంత భాషలో పాట పంపడం 1998 తర్వాత అదే మొదటిసారి!

నీ పల్లవిలో ‘లేస్తాను, మండుతాను, ఎగురుతాను’ అన్నావు. ఎవరైనా అంటారు. రెండో చరణంలో గోథెన్‌బర్గ్ ట్రాములో అమ్మ ఫోను వస్తే గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడే చోటుంది చూడు, అది నీది. పాటను అక్కడి నుంచే ఎత్తుకో. తెలుగు మాటలు ఉండవచ్చా అని అడిగావు. 1999 నుంచి ఏ భాషైనా సరే. 2016లో ఉక్రెయిన్ తరఫున జమాలా తన ముత్తవ్వ ఊరు వదిలి పోవలసి వచ్చిన కథ పాడుతూ, పల్లవిని క్రిమియన్ తాతార్ భాషలో ఉంచి గెలిచింది. అక్కడ ఆ భాష లేకపోతే పాటే లేదు. నీ ట్రాములోనూ అంతే అయితే ఉంచు. కొత్తగా వినిపిస్తుందని రెండు ముక్కలు చల్లడమైతే తీసెయ్యి.

పాట మూడు నిమిషాలు దాటకూడదు. మనం సినిమా పాటలు విని పెరిగినవాళ్లం, అరనిమిషం బీజీఎం లేకుండా పల్లవి ఎత్తుకోవడం మర్యాద కాదనుకుంటాం. నీ వేణువు బిట్ ఎంత తియ్యగా ఉన్నా నాలుగు సెకన్లకు కుదించు. రెండో ఇంటర్‌లూడ్ పూర్తిగా పోవాలి.

ఇక శ్రుతి. సంగీతమంతా ట్రాక్ నుంచే వస్తుంది, 2021 నుంచి కోరస్ కూడా ముందే రికార్డు చేసుకోవచ్చు. ప్రధాన గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. స్టూడియోలో కుర్చీలో కూర్చుని అందుకున్న పైస్థాయి, వేదిక మీద నాలుగు అడుగులు వేసి అందుకోవడం వేరు. మేడమెట్లు వేగంగా ఎక్కి, పైన ఆగకుండా ఆఖరి పల్లవి పాడి చూడు. గొంతు పట్టేస్తే అర శ్రుతి తగ్గించు. తగ్గించావని ఎవరికీ తెలియదు. అందలేదంటే అందరికీ తెలుస్తుంది.

నిబంధనల్లో ఒకటి గట్టిగా గుర్తుంచుకో: పోటీకి ముందటి సంవత్సరం సెప్టెంబరు 1 కంటే ముందు పాట బయటికి రాకూడదు. ముచ్చటపడి యూట్యూబ్‌లో పెట్టకు. మీ అమ్మకు పంపినా వాట్సాప్‌లో చుట్టాలందరికీ వెళ్తుంది, జాగ్రత్త.

ఓట్ల మాట కూడా చెప్పేస్తాను. నువ్వు యూరోవిజన్ ఫైనల్ దాకా వెళ్లినా స్వీడన్‌వాళ్లు నీకు ఓటు వేయలేరు, సొంత దేశానికి వేసుకునే వీలు లేదు. 2023 నుంచి మేం ఇక్కడి నుంచి వేయవచ్చు. అయితే పోటీలో లేని దేశాలన్నీ కలిపి ఒక్క దేశం లెక్క. కాబట్టి మన బంధుబలం మీద ఆశ పెట్టుకోకు.

మార్చిన పాట ట్రాక్ లేకుండా, ఒట్టి గొంతుతో, ఫోనులో పాడి పంపు. మెట్లెక్కాక పాడిందే పంపాలి.

మీ పెదనాన్న